సార్ కాలికి సరిపడే క్లచ్

ఆదోనిలో గేర్ బాక్స్ ఎల్లప్ప అంటే తెలియని లారీ డ్రైవరు లేడు. నలభై మూడేళ్లు ఆయన పత్తి బేళ్ల లారీల కింద వెల్లకిలా పడుకునే బతికాడు. ఇప్పుడు అరవై ఒకటి. ఎడమ మోకాలు వంగితే లేవదు, లేస్తే వంగదు. విసుగు కూడా వయసుతో పాటే వచ్చి కూర్చుంది. ఎవరు పలకరించినా "ఏముండాదప్పా, ఉన్నాము" అని ఊరుకుంటాడు. ఈ ఒక్క బండి అయిపోతే స్పానర్లు మూటగట్టి అటక మీద పడేస్తానని భార్య మల్లేశ్వరికి మాటిచ్చాడు.

ఆ ఒక్క బండి సేతుమాధవరావు సారుది. ఎంజీ. అంటే ఇప్పుడు రోడ్ల మీద కనబడే పెద్ద కార్లు కాదు, అరవై ఏళ్ల కిందట ఇంగ్లండులో చేసిన రెండు సీట్ల బండి. పైకప్పు గుడ్డది, ఎత్తు మనిషి నడుము దాకా కూడా రాదు. ఊళ్లో ఒక జిన్నింగు మిల్లు మూతపడినప్పుడు పత్తిగింజల గోతాల కింద దొరికింది. మిల్లాయన పిల్లలకు లెక్కలు చెప్పిన సార్ దాన్ని ఇనుము ధరకే కొనుక్కున్నాడు. మడికట్టుకునే ఇంటాయనకు స్పోర్ట్స్ కారేమిటని ఊరు నవ్వింది. సార్ పట్టించుకోలేదు. ముప్ఫై రెండేళ్లుగా ప్రతి గురువారం భార్య పద్మాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని మంత్రాలయం వెళ్లి స్వామి దర్శనం చేసుకొస్తున్నాడు. ఆ ముప్ఫై రెండేళ్లూ దాని కింద దూరిన మనిషి ఎల్లప్ప ఒక్కడే. ఈ సార్ దగ్గరే ఏడో తరగతి లెక్కల్లో తప్పిన ఎల్లప్పే.

సంక్రాంతి వెళ్లిన వారానికి సార్ షెడ్డుకొచ్చి నిలబడ్డాడు.

"ఎల్లప్పా, ఎడమ కాలు లొంగడం లేదు. క్లచ్ తొక్కలేకపోతున్నాను. బెంగళూరాయన ఒకడు బండి అడుగుతున్నాడు. ఉగాది తర్వాత మొదటి గురువారం దాకా ఆగమన్నాను. ఆ రోజు నేనే తోలుకుని మంత్రాలయం పోగలిగితే ఉంచుకుంటాను. లేదంటే ఇచ్చేస్తాను."

ఎల్లప్ప చేతిలోని స్పానరు కింద పెట్టాడు. లారీలు ఎన్ని రాలేదు, ఎన్ని పోలేదు? వాటి నంబర్లు కూడా గుర్తులేవు. ఈ బండి గేర్ బాక్సు మాత్రం మూడుసార్లు విప్పి కట్టాడు, పన్ను పన్నూ ఎరుగును. అది ఊరు దాటిపోతే తన నలభై మూడేళ్లలో చూపించుకోవడానికి ఏం మిగిలినట్టు?

"ఉగాదికి చేసిస్తా సార్" అన్నాడు. అని, సార్ వెళ్లాక ఎందుకన్నానా అని తనను తానే తిట్టుకున్నాడు.

పని తేలికది కాదు. ఆ పాత బాక్సులో గేర్లు నాలుగే. పళ్లన్నీ అరిగినవి, గేరు మార్చాలంటే ఒక్కో గేరుకూ క్లచ్ రెండుసార్లు తొక్కాలి. మొదటి గేరైతే బండి పూర్తిగా ఆగితే తప్ప పడదు. అందుకని ఎల్లప్ప రెండు పనులు పెట్టుకున్నాడు. తుక్కుకు వచ్చిన వేరే కారులోంచి ఐదు గేర్ల బాక్సు తెచ్చి బిగిస్తే ఒక్క తొక్కుకు ఒక్క గేరు పడుతుంది, సగం తొక్కుడు తగ్గుతుంది. ఆ మిగిలిన సగం మెత్తబడాలంటే స్ప్రింగుల క్లచ్ తీసేసి కొత్తరకం పలక క్లచ్ వెయ్యాలి.

పాత బాక్సు దించిన రోజు ఆయన మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. దాన్ని గోతంలో చుట్టి గోడవార పెట్టాడు. మరి ఆ కొత్త బాక్సు ఈ ఇంజనుకు అతుకుతుందా? అతకదు. నడుమ ఒక ఇనుప పలక కోయించాలి. లేతు మిషను ఇశ్రాయేలు ఆ పలకను రెండుసార్లు కోశాడు, రెండుసార్లూ కుదరలేదు.

"వెంట్రుకవాసే కదన్నా తేడా, బిగిచ్చేయ్" అన్నాడు ఇశ్రాయేలు.

"ఆ వెంట్రుకవాసికే ఇన్నేండ్లూ తిట్లు తింటిని. మళ్లా కొయ్యి."

మూడోది కుదిరింది. కొత్త బాక్సు పొడుగెక్కువ గనుక వెనక చక్రాలకు పోయే షాఫ్టును నాలుగంగుళాలు కోసి అతికారు. గేరు రాడ్డు పైకి వచ్చేచోట నేల రేకు కత్తిరించారు. ఇదంతా అయ్యేసరికి మార్చి వచ్చింది, ఎండ వచ్చింది, ఎల్లప్ప మోకాలు తాటిపండంత అయింది.

చివరికి సీట్లో కూర్చుని క్లచ్ తొక్కి చూసుకున్నాడు. వెన్నలో కాలు పెట్టినట్టు పోయింది. అప్పుడు అనుమానం వచ్చింది ఆయనకు. లారీ క్లచ్చులు తొక్కి తొక్కి కాయగాచిన కాలు తనది, దానికి ఏది మెత్తన కాదు? ఈ కాలి సాక్ష్యం చెల్లదు.

మల్లేశ్వరి అప్పుడు ఎమ్మిగనూరులో తమ్ముడింట్లో ఉంది. ఆమె నేతవాళ్ల బిడ్డ. పదేళ్లప్పుడు గుంట మగ్గంలో దిగిన మనిషి, నలభై ఏళ్లు తొక్కుడు కర్రల మీదే కాళ్లు ఆడించింది. ఏ కర్ర ఎంత తొక్కితే ఎన్ని దారాలు లేస్తాయో చూడకుండా చెప్పేస్తుంది. ఎల్లప్ప ఎమ్మిగనూరు రోడ్డు మీద బండిని పరీక్షగా తోలుకుంటూ నేరుగా ఆ ఇంటి ముందు ఆపాడు. మగ్గం దిగి వచ్చిన భార్యను సీట్లో కూర్చోబెట్టాడు.

"తొక్కు."

ఆమె ఒట్టికాలితో తొక్కి మొహం చిట్లించింది. "ఇంగా బరువుండాది. ముసలోళ్ల పని కాదు."

ఎల్లప్ప వెనక్కి వెళ్లి, క్లచ్‌కు నూనె తోసే సిలిండరు మార్చి, వారానికి మళ్లీ వచ్చాడు. ఈసారి మల్లేశ్వరి కళ్లు మూసుకుని మెల్లగా తొక్కి, మెల్లగా వదిలింది.

"ఇప్పుడు మగ్గం మాదిరుండాది. అద్దో, ఈడ పట్టుకుంటాంది సూడు." మళ్లీ అంది, "నాకొకటి సెప్పు. తొక్కేది ఆ సార్. నా కాలెందుకు? ఆయప్పనే ఒకతూరి పిలిపిచ్చి తొక్కియ్యరాదా?"

"సార్ను పిలిపిచ్చి ఈడ కాలు పెట్టు అని నేను సెప్పాల్నా? నోరెట్లా వస్తాదే?"

నిజంగానే ఆయన నోటికి అది రాని మాట. నోటుబుక్కులో అంకె గీత దాటితే అరచేతి మీద కొట్టిన మనిషి, ఇవాళ్టికీ ఎదురుపడితే చేతిలో బీడీ పారేయించే మనిషి. అలాంటాయన పాదం పట్టి కొలత తీసుకుంటామా? తన కాలితో కొలిచాడు, భార్య కాలితో కొలిచాడు గానీ, ఆ ఒక్క కాలినీ ఎల్లప్ప అడగలేదు.

ఉగాది వెళ్లిన మొదటి గురువారం పొద్దున ఏడింటికి దంపతులు షెడ్డుకొచ్చారు. ఎల్లప్ప నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి ఉంచాడు. ఆ షెడ్డులో అదొక పద్ధతి. ఓనరు తన చేత్తో బండి కదిలించి ఆ కాయలు నలిపేదాకా బండి షెడ్డుదే.

పద్మాబాయి తులసిమాల ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చుంది. సార్ చెప్పులు విడిచి ఎక్కాడు. మంత్రాలయం పోయేరోజు ఆయన చెప్పులతో బండి తోలడు. కుడి మడమకు గుడ్డకట్టు ఉంది.

"ఏమైంది సార్?"

"మేకు గుచ్చుకుందట" అని పద్మాబాయే జవాబిచ్చింది. "ఈయనకు తెలియనే లేదప్పా. నడవంతా నెత్తురు చూసి నేను చెప్పాలి."

ఎల్లప్పకు అప్పటికీ తట్టలేదు. తాళంచెవి తిప్పి చూపించాడు. ఇంజను అందుకుంది. సార్ తొక్కి, గేరు వేశాడు. ఒక్క తొక్కుకే నిమ్మళంగా పడింది. ఎల్లప్ప గుండె నిండిపోయింది.

"కానీండి సార్, మెల్లగా వదలండి."

బండి కదల్లేదు. సార్ తల వంచి చూశాడు, స్టీరింగు అడ్డమై పాదం కనబడలేదు.

"ఎల్లప్పా, వదిలానా?"

ఎల్లప్ప తలుపు మీంచి వంగి చూశాడు. పాదం క్లచ్ మీద నేలకంటా నొక్కి ఉంది.

"లేదు సార్. తొక్కే ఉండారు."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ తొక్కే ఉండారు."

ఎల్లప్ప చెయ్యి చాచి ఇంజను ఆపేసి, తాళంచెవి లాగి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"షుగరప్పా" అన్నాడు సార్ నెమ్మదిగా. "పాదాలకు స్పర్శ తెలియక రెండేళ్లయింది. పాతది బరువుగా ఉండేది కదా, మోకాలికి తెలిసేది, తొడకు తెలిసేది. ఇది ఎక్కడుందో కూడా తెలియడం లేదు."

మూడు నెలలు. మోకాలు అరగదీసుకుని ఎల్లప్ప మెత్తగా చేసి చెరిపేసింది సార్ కాలికి మిగిలిన ఆ ఒక్క ఆనవాలునే. ఎల్లప్పకు ఏడుపొచ్చింది. మళ్లీ బరువు స్ప్రింగులు వేస్తే తొక్కడానికి సార్ కాలికి బలం చాలదు. క్లచ్ పట్టేచోట వెలిగేలా చిన్న బల్బు పెట్టొచ్చు, అది అరగంట పని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఆయన చూపు కుడి మడమ కట్టు మీద పడింది.

"బ్రేకు కాలూ అంతేనా సార్?"

సార్ కట్టు ఉన్న మడమను సీటు కిందికి లాక్కున్నాడు. చెయ్యి చాపాడు. "ఇయ్యప్పా. ఈ ఒక్కసారికి. మెల్లగా పోయొస్తాను."

తన జన్మలో ఆ మనిషికి ఎల్లప్ప ఎదురు చెప్పలేదు.

"ఇయ్యను సార్" అన్నాడు. "అమ్మ పక్కన కూసోనుంది."

పద్మాబాయి సంచి తీసుకుని దిగి, ఇటువైపుకు వచ్చి భర్త భుజం మీద చెయ్యి వేసింది. "సాకు, ఇళీరి" అంది ఇంటి కన్నడంలో. ఇంక చాలు, దిగండి అని ఎవరైనా ముందు అనాలని ఎన్నాళ్లుగానో చూస్తున్నట్టుంది ఆమె గొంతు. సార్ దిగాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకోవడానికి కిందికి చూసుకోవలసి వచ్చింది.

"మంత్రాలయం బస్సు ఎన్నింటికి?"

"ఎనిమిదికుంది సార్."

"బెంగళూరాయనకు నువ్వే ఫోన్ చెయ్యి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "క్లచ్ బాగుందని చెప్పు. నాకు తెలియలేదు గానీ, నువ్వు బాగానే చేసుంటావు."

వాళ్లు మలుపు తిరిగేదాకా ఎల్లప్ప చూశాడు. సార్ ప్రతి అడుగూ ఎక్కడ పెడుతున్నాడో చూసి చూసి పెడుతున్నాడు. ఆ తర్వాత ఎల్లప్ప స్టూలు లాక్కుని బండి ముందు కూర్చున్నాడు. ఫోన్ జేబులోనే ఉంది. నిమ్మకాయలు నాలుగూ చక్రాల కింద నలగకుండా ఉన్నాయి. వాటిని ఆయన తియ్యలేదు.