ఉమ్మేయడానికి కట్టిన ఫీజు

కెనడాలో ఎక్కడ చూసినా మన ఇండియా స్టూడెంట్లే కనిపించిన రోజులవి. టొరంటోలోని ఎటోబికోలో ఒక బేస్‌మెంట్‌లో పరుపు పక్కన పరుపు వేసుకుని ఉండేవాళ్లం. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన అమ్మాయి నిద్ర లేస్తే గానీ నాకు నడుం వాల్చే చోటు దొరికేది కాదు. అలాంటప్పుడు గుళ్లో పరిచయమైన ఒక ఆంటీ నన్ను పిలిచి తన ఇంట్లో మేడ మీద గది ఇచ్చారు. గుంటూరు వైపు మనిషి, ఇక్కడే బ్యాంకులో చేసి రిటైరయ్యారు, ఒంటరిగా ఉండేవారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: మందు ముట్టకూడదు. అంకుల్ ఆ తాగుడుతోనే పోయారట. ఆ సంగతి మొదటిరోజే చెప్పేశారు.

నా ఖర్మ కాకపోతే నేను చదివేది హోటల్ మేనేజ్‌మెంట్. ప్లేస్‌మెంట్ కావాలంటే వైన్ క్లాసు చేయాల్సిందే అన్నారు కాలేజీలో. ఇంగ్లండ్‌ది కాదు, కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో, నది ఒడ్డున ఉన్న పాత రాతి మిల్లులో, పోర్ట్ వైన్ గురించి ఒక పూట పాఠం.

"అక్కడ ఎవరూ తాగరు ఆంటీ, నోట్లో తిప్పి ఉమ్మేస్తారు, అంతే" అన్నాను.

"ఉమ్మేయడానికి ఫీజు కట్టి మరీ వెళ్తారా! ఇదెక్కడి చోద్యమే?" అని పడీపడీ నవ్వారు. తర్వాత చెయ్యి చాపారు. "ఒక్క చుక్క కూడా మింగనని ఒట్టెయ్యి."

ఒట్టేశాను. బస్సులు సరిగ్గా లేవని ఆవిడే డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్లారు. "నది చూస్తూ కూర్చుంటాలే, నువ్వెళ్లి బుద్ధిగా నేర్చుకో" అన్నారు.

పాఠం బాగానే మొదలైంది. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష సారా పోసి ఆ పులియడం ఆపేస్తారట. అందుకే తీపి తీపిగానే ఉండిపోతుంది, మత్తు మాత్రం మామూలు వైన్ కన్నా ఎక్కువ. అంతా రాసుకున్నాను. ఆ తర్వాత గ్లాసులొచ్చాయి. వాటి వెనకే ఒక స్టీలు బకెట్. అందరూ దాన్ని చేతులు మార్చుకుంటూ, కబుర్లు ఆపకుండా, అందులో సన్నటి ధారగా ఉమ్ముతున్నారు. నా వంతు వచ్చేసరికి ప్రాణం చచ్చిపోయింది. పళ్లు తోముకున్నా కుళాయి తిప్పి, తలుపేసుకుని ఉమ్మే ఇంట్లో పెరిగినదాన్ని. ఇంతమంది ముందు, ఇంతమంది ఎంగిల్లో! ఛీ, నా వల్ల కాలేదు. మింగేశాను.

సిగ్గు ఆ మొదటి గుక్కకే. అది ఒప్పుకోవాలి. తర్వాతి గ్లాసు నచ్చి మింగాను, దాని తర్వాతది ఎప్పుడొస్తుందా అని చూశాను. కిస్‌మిస్ వేసిన బెల్లం పాకంలా ఉంది, గొంతులో వెచ్చగా దిగింది. బకెట్ నా దాకా వస్తే వద్దని పక్కకి తోసేశాను కూడా. కిటికీలోంచి కింద పార్కింగ్‌లో ఆంటీ కారు కనిపిస్తూనే ఉంది.

బయటికొచ్చేసరికి ఆవిడ డబ్బాలో పులిహోర పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నాకోసం ఆగి తనూ తినలేదు. ఏ మొహం పెట్టుకుని తినను? కడుపు బాలేదన్నాను.

హైవే ఎక్కాక అడిగారు. "ఉమ్మేశావుగా?"

"ఆఁ, ఉమ్మేశాను ఆంటీ."

"వాసనొస్తోందే."

"నోట్లో తిప్పాం కదా, అందుకే."

"అంతేలే" అన్నారు. ఇట్టే నమ్మేశారు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

కాసేపటికి ఆవిడే మళ్లీ మొదలుపెట్టారు. "ఇలాంటి పద్ధతొకటి ఉందని నాకేం తెలుసు తల్లీ. తెలిస్తే అంకుల్‌కి చెప్పేదాన్ని. రుచికోసమేనే తాగుతాను అనేవారాయన. అయితే రుచి చూసి ఉమ్మేయండి మహానుభావా అని కాళ్లు పట్టుకునేదాన్ని."

ఇక నా వల్ల కాలేదు. "నేను మింగేశాను ఆంటీ, అన్నీ మింగేశాను" అని ఏడ్చేశాను. ఇప్పుడు కారాపి దింపేస్తారేమో, గది ఖాళీ చెయ్యమంటారేమో అని భయపడ్డాను. ఆవిడ స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని ముందుకే చూస్తున్నారు.

చాలా దూరం వచ్చాక అడిగారు. "అంత బాగుంటుందా అది?"

అప్పుడే అబద్ధం చెప్పాల్సింది. చేదుగా ఉంది ఆంటీ, ఎలా తాగుతారో ఏమో అనాల్సింది. అప్పటికే ఒక అబద్ధం చెప్పి ఉన్నాను, ఇంకోటి చెప్పడానికి నోరు రాలేదు.

"బాగుంటుంది ఆంటీ" అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "మరి ఆయన్ని ఒక్కసారైనా ఈ మాట అడగలేదే నేను. ఎప్పుడూ తిట్టడమే. ఊరికే ఆడిపోసుకున్నానేమో" అన్నారు.

"అయ్యో, లేదాంటీ, మీ తప్పేం లేదు" అంటూనే ఉన్నాను ఎటోబికో వచ్చేదాకా. ఆవిడ నా మాట వినిపించుకోలేదు.