ప్రతి ఫైలు పైనా శ్రీ

నందిగామలో జిరాక్స్ షాపు మీద మా ఆఫీసు. పత్తి మిల్లుల కాటాలకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. లారీ కాటా ఎక్కగానే బరువు చూసి చీటీ ఇచ్చే ప్రోగ్రాములన్నీ మా మేడం ఒక్కరే రాశారు. ఆవిడ రిటైరవుతున్నారు, మా పనిని హైదరాబాద్ కంపెనీ ఒకటి తీసుకుంటోంది. వాళ్లకు అర్థమైతే ఆ ప్రోగ్రాములు ఉంచుతారు, లేకపోతే అవతల పారేసి కొత్తవి రాసుకుంటారు. మేడంకి ఉన్న బెంగ అదొక్కటే.

ప్రోగ్రాముల మధ్య ఆవిడ రాసిన వివరణలను ఏరి పేజీలుగా మార్చే టూలు ఒకటుంది. దాంట్లోంచి వచ్చేదంతా ఒకటే ముద్ద. చదివితే కళ్లు బైర్లు కమ్ముతాయి. దానికి తేలికపాటి గుర్తులు నేర్పే పని నాకిచ్చారు. స్టార్ల మధ్య పెట్టిన మాట బోల్డ్‌గా రావాలి, కింద ఈక్వల్ గుర్తులు వరుసగా కొడితే పైమాట శీర్షికై విషయసూచికలో చేరాలి. జగ్గయ్యపేట నుంచి బస్సులో వస్తూ పోతూ కూడా అదే ఆలోచన.

పని పూర్తయింది. దారిలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీల మధ్య ఇరుక్కుని విసుగ్గా వచ్చిన కంపెనీ ఆయన ముందు ఆ పేజీలు గొప్పగా తెరిచాను. విషయసూచిక నిండా శ్రీ, శ్రీ, శ్రీ. ఖర్మ! ఏ ఫైలు మొదలుపెట్టినా మేడం పైన శ్రీ రాసి కింద రెండు గీతలు కొడతారు. కీబోర్డు మీద రెండు గీతలంటే ఈక్వల్ గుర్తులే మరి.

"ఇది సాఫ్ట్‌వేరా అండీ, శుభలేఖా?" అని ఆయన నవ్వాడు. మేడం కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. రేపు మళ్లీ చూసి ఏ సంగతీ చెబుతానని ఆయన వెళ్లిపోయాడు.

"మీరేం ముట్టుకోకండి మేడం. శ్రీని శీర్షిక చెయ్యొద్దని టూలుకే చెబుతా," అన్నా.

"నా ఒక్కదాని కోసం రూలేంటమ్మా, విడ్డూరం కాకపోతే," అన్నారావిడ.

రాత్రి ఇంట్లో ఆ రూలు రాసుకుని, మర్నాడు ఆఫీసులో పేజీలు కొత్తగా తీశాను. సూచిక శుభ్రంగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి ఒక ఫైలు తెరిచి చూశాను. పైన శ్రీ లేదు. ఇంకోటి తెరిచాను, అందులోనూ లేదు. నేను రాకముందే మేడం వచ్చి కూర్చుని, ఒక్కొక్కటీ తన చేత్తోనే తీసేశారు.

"ఎందుకు తీశారండీ? వద్దన్నానా లేదా?" అని గట్టిగానే అడిగాను.

ఆవిడ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. "ఇప్పుడైతే నా ప్రోగ్రాములు ఉంచుతారంటావా?" అన్నారు.

నా కోపమంతా ఎటో పోయింది. ఉంచుతారండీ అన్నా. ఆ మాట నా చెవికే నమ్మకంగా వినిపించలేదు.