నలభై అయిదు మార్కుల చదువు

2005 ఏప్రిల్‌లో నన్ను మా స్కూలు డిప్లొమా కమిటీలో వేశారు. రాజమండ్రి శివార్లలోని ఆ ప్రైవేటు స్కూల్లో నేను లైబ్రేరియన్ని. హోదాలో లెక్చరర్ల తర్వాత, గుమస్తాల ముందు. పదో తరగతి అయ్యాక ఇంటర్మీడియట్ బదులు రెండేళ్ల అంతర్జాతీయ డిప్లొమా పెట్టవచ్చా అన్నది తేల్చాలి. ప్రిన్సిపాల్ గారు, ఫిజిక్స్ మేష్టారు, నేను సభ్యులం. నా చదువంతా టౌన్ లైబ్రరీ బల్లల మీద సాగిందే అయినా, ఆ డిప్లొమా సిలబస్ పుస్తకాలు అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి మాత్రం నేనే.

ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఏడు పాయింట్లు. విద్యార్థి తానే ప్రశ్న ఎంచుకుని రాసే పెద్ద వ్యాసానికీ, మరో పేపరుకీ కలిపి మూడు. మొత్తం నలభై అయిదు.

తల్లిదండ్రుల్ని పిలిచి అభిప్రాయం అడిగాం. మొదట వచ్చిన తండ్రి కడియంలో మొక్కల నర్సరీ ఉన్న సత్యనారాయణ గారు. కూతురు శిరీష మా దగ్గరే పది రాసింది. అగ్రికల్చర్ బీఎస్సీ సీటు ఆమె లక్ష్యం.

“నలభై అయిదేంటండీ! మా అమ్మాయికి తొంభై కింద ఎప్పుడూ రాలేదు. చుట్టాలకి ఏం చెప్పుకోమంటారు?”

పాయింట్ల సంగతి వివరించాం. అయితే ఎంసెట్ ర్యాంకు ఎంతొస్తుందని అడిగారు. ఆ సీట్లు ఎంసెట్ మీదే ఇచ్చేవారు. డిప్లొమా ఇంటర్‌తో సమానమని బోర్డు నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలనీ, ఎంసెట్ సిలబస్ విడిగా చదువుకోవాలనీ ఫిజిక్స్ మేష్టారు చెప్పారు.

వేరు చూడకుండా మొక్క కొనరు కదా, అమ్మాయికి ముందు ఒక వ్యాసం ఇచ్చి చూద్దామన్నాను.

“కవరు చింపి వేరు చూపించమనేది గట్టి బేరగాళ్లేనండి,” అని నవ్వి ఒప్పుకున్నారు.

వాళ్ల తోటలో జామ అంట్లు అమావాస్యకు ముందే కడతారు. అప్పుడైతే త్వరగా వేళ్లు వేస్తాయని నమ్మకం. అది నిజమా అన్నదే శిరీష ప్రశ్న. మూడో రోజుకే వ్యాసం తెచ్చింది. సైడు హెడింగులు, వాటి కింద స్కెచ్ పెన్ గీతలు, చివర ‘కావున చంద్రుని ప్రభావం ముఖ్యమైనది’. ఒక్క అంటూ కట్టలేదు. తిరిగి ఇచ్చేశాను.

“ఆన్సరేంటో మీరు చెప్పేయండి సార్, రాసేస్తాను,” అంది.

చెప్పలేదు. ఆ వేసవి సెలవుల్లో అమావాస్యకు ముందు కొన్ని, తర్వాత కొన్ని అంట్లు తనే కట్టింది. జూన్‌లో కమిటీ ముందు చదివిన వ్యాసం చివరి మాట ఇది: తేడా కనబడలేదు, ఇంత తక్కువ అంట్లతో ఏదీ తేల్చలేం.

“తేలలేదని రాయడానికి రెండేళ్లా తల్లీ?” అన్నారు తండ్రి.

“మీరు ఇన్నేళ్లుగా చూడకుండానే కడుతున్నారు కదా నాన్నా!”

అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు. ఇంకేం, డిప్లొమా పెట్టేద్దామన్నారు ప్రిన్సిపాల్ గారు. నేనూ సరేననబోయాను.

“ఇది నాకు బాగా నచ్చింది సార్,” అంది శిరీష. “కానీ నాకు సీటు కావాలి. ఇంటర్లోనే చేరతాను. అంట్లంటారా, ఆదివారాలున్నాయి కదా.”

కమిటీ డిప్లొమాను పక్కన పెట్టింది. శిరీషకు రెండేళ్ల తర్వాత అనుకున్న సీటు వచ్చింది.

ఒక కోర్సును తూచేటప్పుడు దాని పుస్తకాలతో పాటు, అది ముగిశాక విద్యార్థి నిలబడాల్సిన క్యూ కూడా చూడాలి. అందులో ఒక భాగం నచ్చితే అంతవరకే తెచ్చుకోవచ్చు. 2006 వేసవి నుంచే తొమ్మిదో తరగతి వాళ్లందరికీ తలా ఒక వ్యాసం ఇచ్చాను. ప్రశ్న వాళ్లిష్టం. సైడు హెడింగులు మాత్రం నిషేధం.