నేను వదిలేసిన రెండు వాక్యాలు

మాస్టారు పోయారని మా నాన్నగారు ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారు. మంగళవారం, మధ్యాహ్నం భోజనాల వేళ. స్టోర్‌లో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వాలిపోయారట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. నాన్నగారు "అమ్మకు నువ్వు చెప్పు" అని పెట్టేశారు. నేను వెంటనే చెప్పలేదు. నా ముందు బల్ల మీద మాస్టారి కాగితాలున్నాయి. ఆ పేజీలో మిగిలిన నాలుగు వరుసలూ నకలు రాసి, అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళాను.

ఈ పత్రిక చదివేవారిలో కొందరికి ఆయన గుర్తుండవచ్చు. నిప్పు పుట్టించడానికి మనవాళ్ళు వాడే మాటల మీద ఆయన వ్యాసం ఇందులో వచ్చింది. తరువాతి సంచికలో దాన్ని తప్పుపడుతూ ఒక ఉత్తరం వచ్చింది. ఆ రెండూ చదివినవారికి నేను చెప్పవలసినది ఒకటి ఉంది.

మాస్టారు తెనాలి వైపు ఒక హైస్కూల్లో తెలుగు చెప్పి, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళయ్యాక దోహా వచ్చారు. నాన్నగారి కంపెనీలోనే స్టోర్‌కీపరు. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మా పై అంతస్తులో, మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉండేవారు. మా తలుపు తట్టి, తీసేలోపు రెండు మెట్లు దిగి నిలబడేవారు. ఇంట్లో ఆడవాళ్ళే ఉన్నారేమోనని. ఆరేళ్ళూ అలాగే చేశారు.

నేను కాన్వెంటులో చదివినదాన్ని. తెలుగు కూడబలుక్కుని చదివేదాన్ని. అక్షరాలు మాత్రం గుండ్రంగా వచ్చేవి. అది చూసి, "అమ్మాయ్, నా రాత నాకే అర్థం కాదు, కాస్త నకలు రాసిపెడతావా" అని అడిగారు. స్టోర్ చీటీల వెనకవైపు పెన్సిలుతో రాసినవి కట్టలు కట్టలుగా తెచ్చేవారు. వాటిని చూసి రాస్తూనే నాకు తెలుగు వచ్చింది.

శుక్రవారాలు ఆయన అల్ వక్రా దారిలోని లేబర్ క్యాంపుకు వెళ్ళేవారు. కారు నాన్నగారిది కనుక కొన్నిసార్లు నేనూ వెళ్ళాను. దిగేదాన్ని కాదు. అద్దం దించుకుని వినేదాన్ని. కరీంనగర్, నిజామాబాద్ వైపు మనుషులు వంటషెడ్డు ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే, మాస్టారు మధ్యలో కూర్చుని, మీ ఊళ్ళో పొయ్యిని ఏం చేస్తారని అడిగేవారు.

"ముట్టిస్తం సార్. మీరేం జేస్తరు?"

"మేం రాజేస్తాం."

"గ్యాసు పొయ్యికి గంత పెద్ద మాటెందుకు సార్? లైటర్ గొడితె అయిపాయె."

అందరూ నవ్వేవారు. అందరికంటే ముందు మాస్టారే నవ్వేవారు.

ముట్టించడమంటే తాకించడం, అంటించడమన్నా అంతే అని తిరుగుదారిలో ఆయన చెప్పేవారు. అగ్గిపెట్టె లేని రోజుల్లో ఎవరూ కొత్తగా నిప్పు చేసుకునేవారు కాదు, పక్కింటి పొయ్యిలోంచి పిడక మీద తెచ్చుకుని తమ పుల్లలకు తాకించేవారు. ఆ అలవాటే ఆ మాటల్లో మిగిలిందనేవారు. రాజేయడం దగ్గరికొచ్చేసరికి ఆగేవారు. కట్టెకు కట్టె రాచి నిప్పు పుట్టించిన కాలం నుంచి అది వచ్చిందేమోనని ఆయన ఊహ. ఆధారం దొరకలేదు. "మాటకు పుట్టుక చెప్పేవాడికి ముందు తెలియదనడం రావాలమ్మాయ్" అనేవారు.

ఒక శుక్రవారం ఆ క్యాంపులో పెద్దాయన, మేస్త్రీ పని చేసేవాడు, మాటలు చెబుతూ చెబుతూ ఆగాడు. "కొరివి గూడ రాసుకో సార్. మా నాయనకు నేను వెట్టలే. సెలవియ్యలే. తమ్ముడు వెట్టిండు." మాస్టారు పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు ఇంకేమీ అడగలేదు. చాలాసేపు ఆయన పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగారు.

ఇప్పుడు నా తప్పు.

వ్యాసాన్ని పత్రికకు పంపడానికి సాఫు ప్రతి రాసింది నేను. నాలుగు పేజీలు సరిగ్గా నిండాయి. చివర రెండు వాక్యాలు మిగిలాయి. రెండు వాక్యాల కోసం ఐదో పేజీ తీయడం నాకు నచ్చలేదు. కొత్త పేజీ మీద రెండు వరుసలు ఒంటరిగా ఉంటే మా స్కూల్లో సిస్టర్లు ఆ కాగితం వెనక్కి ఇచ్చేసేవారు. వాటిని వదిలేశాను. లేకపోయినా పరవాలేదనుకున్నాను. మాస్టారు తిరిగి చూడలేదు. "నువ్వు రాశాక మళ్ళీ చూసేదేముంది" అని కవరు అంటించి, హైదరాబాద్ వెళ్ళేవారెవరికో ఇచ్చి పంపారు.

ఆయన రాసిన ఆ రెండు వాక్యాలు ఇవి: "రాజేయడం గురించి పైన చెప్పింది నా ఊహ మాత్రమే. ఆధారం దొరికేదాకా దయచేసి ఎవరూ నమ్మవద్దు."

అవి లేకుండా వ్యాసం అచ్చయింది. ఊహ కాస్తా తీర్పులా కనబడింది. ఒక పండితుడు ఉత్తరం రాశారు. ఎడారిలో తీరిక దొరికినవాళ్ళు మాటలకు పుట్టుకలు అల్లుతున్నారని, ఇలాంటివారు బడిపిల్లలకు ఏం చెప్పి ఉంటారోనని. మాస్టారు దాన్ని మా ఇంట్లోనే, కిటికీ దగ్గర నిలబడి చదివారు. తరువాత తన పెన్సిలు ప్రతి అడిగారు. ఇచ్చాను. చివరి చీటీ చూశారు. నా వైపు చూడలేదు. "పండితులవారు చెప్పింది సబబే" అని చీటీలన్నీ సర్ది నాకే ఇచ్చారు.

మరుసటి వారం ఎప్పటిలాగే కొత్త కట్ట తెచ్చారు. ఆ తరువాత కూడా నేను రాసినదాన్ని ఒక్కసారీ తిరిగి చూడలేదు. చూసి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఈ శుక్రవారం చెబుదాం, ఈ శుక్రవారం చెబుదాం అనుకుంటూ మూడు నెలలు గడిపాను.

ఆయన సామాను సర్దుతుంటే దొరికిన కాగితాలు నాన్నగారు నాకు తెచ్చి ఇచ్చారు. అందులో సంపాదకులకు మొదలుపెట్టిన ఉత్తరం ఒకటి ఉంది. "ఆ మాట ఊహ అని నేను రాసే ఉన్నాను, కానీ" అని ఉంది. అక్కడితో ఆగిపోయింది. ఆ పైన రాయాలంటే నా సంగతి రాయాలి.

ప్రభుత్వ కాగితాలు పూర్తయి శరీరం ఊరికి బయలుదేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. మా వైపైనా వాళ్ళ వైపైనా శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. తొమ్మిది రోజులు పస్తుండి డ్యూటీకి వెళ్ళడం కుదరదు. కనుక విమానం బయలుదేరే రోజున మాత్రం, అది వెళ్ళేదాకా పొయ్యి ముట్టించకూడదని క్యాంపువాళ్ళు నిర్ణయించుకున్నారు. మేం వెళ్ళేసరికి సాయంత్రమయింది. పొద్దున ఖుబూస్ రొట్టె తిన్నారట, అంతే. వంటషెడ్డులో గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి.

ఆ రోజు నేను కారు దిగాను. మేస్త్రీ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. సగంలో ఏడుపొచ్చింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"సార్‌కు ఎర్కేనా బిడ్డా?"

"తెలుసు."

"ఇంక సార్ తోని ఏమున్నది. సదివినోళ్ళకు ఎర్క లేదు గదా. వాళ్ళకు జెప్పు."

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన తెలియనిది తెలిసినట్టు రాసే మనిషి కారు. ఆ ఉత్తరం రాసిన పండితులు కూడా దీన్ని చదవాలని నా కోరిక.

చీకటి పడకముందు ఒక విమానం మా నెత్తి మీదుగా సముద్రం వైపు వెళ్ళింది. కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కొందరు దండం పెట్టారు. అది కనుమరుగయ్యాక ఒకతను పొయ్యి ముట్టించడానికి షెడ్డులోకి నడవబోతుంటే, మేస్త్రీ చెయ్యెత్తి ఆపాడు. మాస్టారు ఉన్నది అందులోనో కాదో మాలో ఎవరికీ తెలియదు. ఇంకొకటి వెళ్ళేదాకా ఉందామన్నాడు. ముప్ఫై మంది మళ్ళీ ఇసుకలో కూర్చుని ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయారు.