సిగ్నల్ బండ మీద నా పాస్‌వర్డ్

నిన్న ఏమైందో తెలుసా? మా కాలనీ ఆడవాళ్ళ మీటింగులో ఆన్‌లైన్ మోసాల గురించి నన్ను మాట్లాడమన్నారు. మైకు దొరికితే నేను ఆగుతానా? ఓటీపీ చెప్పొద్దు, తెలియని లింకు నొక్కొద్దు, పాస్‌వర్డ్ కట్టుకున్నవాడికి కూడా చెప్పొద్దు అని దంచేశాను. అంతా అయ్యాక ఒక కాలేజీ పిల్ల లేచి, "ఆంటీ, మీరెప్పుడూ ఎవరికీ చెప్పలేదా?" అని అడిగింది. "టీ చల్లారిపోతోందమ్మా" అని గబగబా దిగిపోయాను. నా పాస్‌వర్డ్ ఒకప్పుడు ఊరంతటికీ తెలుసు మరి. అక్కడ చెప్పలేదు గానీ మీకు చెప్తాను, నవ్వుకోండి.

మాది పినపాక అవతల, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. ఇది రెండువేల ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో జరిగింది. మా ఊళ్ళోకి సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ సిగ్నల్ ఇంకా రాలేదు. ఊరి చివర, మిరప చేల పక్కన ఒక పెద్ద బండ ఉంది. దానిమీద నిలబడి మణుగూరు వైపు తిరిగితే రెండు గీతలు కనిపించేవి. అందుకే దాన్ని సిగ్నల్ బండ అనేవాళ్ళం. సాయంత్రమైతే సగం ఊరు అక్కడే ఉండేది. బండెక్కి ఒకరు మాట్లాడుతుంటే కింద కూర్చున్నవాళ్ళంతా వినాలి. అది మర్యాద. వినకుండా లేచిపోతే, "మా బిడ్డ ఫోన్ చేస్తే మొహం తిప్పుకొని పోయింది" అని నిష్ఠూరాలు. ఊరికే వింటే కూడా సరిపోదు, మధ్యమధ్యలో సలహాలివ్వాలి, "మేమడిగినమని చెప్పు" అనాలి. ఎవరింట్లో కోడలు నెల తప్పినా, ఎవరి అల్లుడు అలిగినా ముందు ఆ బండ దగ్గరే తెలిసేది.

అలాంటి ఊళ్ళో నా దగ్గర ఒక్క రహస్యం ఉండేది. అది నా మెయిల్ పాస్‌వర్డ్.

మణుగూరులో కంప్యూటర్ కోర్సు చేసేటప్పుడు ఆ మెయిల్ తెరిచాను. సరిగ్గా అప్పుడే మా అన్న భార్య, సరోజ వదిన, పెనుబల్లి నుంచి కొత్తగా కాపురానికొచ్చింది. వస్తూనే ఇల్లంతా సర్దడం మొదలుపెట్టింది. నేను దాచుకున్న వారపత్రికలన్నీ అటక మీంచి దించి అల్మారాల్లో పరిచేసింది. నేనింకా చదవని సీరియల్ ముగింపు మీద పప్పుల డబ్బాలు పెట్టింది. పైగా పొద్దున్నే, "చదువుకునే పిల్లవి, ఎండెక్కేదాకా పడుకుంటే ఎట్లా?" అని దుప్పటి లాగేసేది. ఆ కోపమంతా పట్టుకెళ్ళి నెట్ సెంటర్లో కక్కేశాను. పాస్‌వర్డ్ ఏం పెట్టానంటే, 'వదినగయ్యాళి'. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. తిట్టినట్టూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తర్వాత ఏడాది తిరిగేసరికి వదినా నేనూ ఒకే కంచంలో తినేంత దగ్గరయ్యాం. బ్యాంకు పరీక్ష రాయమని కూర్చోబెట్టి చదివించింది వదినే. తెల్లవారుజామున లేపి టీ చేతికిచ్చేది. పాస్‌వర్డ్ మార్చాలన్న ఆలోచన మాత్రం నాకు రానేలేదు.

ఆదివారం ఖమ్మంలో పరీక్ష. హాల్ టికెట్ మెయిల్‌కి వచ్చింది, దాని ప్రింటు లేకపోతే లోపలికి రానివ్వరు. అప్పుడే పట్టుకుంది వాన. వాగు పొంగింది, బస్సు బంద్. మణుగూరులో ఉన్న నా స్నేహితురాలు సుజాత ప్రింటు తీసిపెడితే, వాగు తగ్గాక పరీక్షకు వెళ్తూ తీసుకోవచ్చు. ఆ ఉపాయం కూడా వదినదే.

"పాస్‌వర్డ్ చెప్తే చాలు, తీసిపెడుతుంది. పద, గొడుగు నేను పడతా" అంది.

"నువ్వెందుకొదినా తడవడం? నేను పోయొస్తాలే."

"ఏడాదంతా నీతో నేనూ మేలుకున్నా. ఆ టికెట్ వచ్చేదాకా నాకు నిద్ర పడుతుందా?" అని చెప్పులేసుకుంది.

బండ మీద నేను, నా పక్కన గొడుగు పట్టుకుని వదిన. కింద గోనెసంచులు కప్పుకుని జనం. వాళ్ళ ముందు ముత్తయ్య తాత, అడవిలో తేనె తీసే పెద్దమనిషి, కూతురి ఫోన్ కోసం కూర్చున్నాడు. సుజాత నెట్ సెంటర్లో ఉండి ఫోన్ ఎత్తింది. పాస్‌వర్డ్ చెప్పమంది. నేను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా చెప్పాను.

"ఏంది? వినబడ్తలేదు."

మళ్ళీ గొణిగాను.

"గట్టిగ చెప్పవే. జల్దీ చెప్పు, ఈడ సెంటర్ మూసేస్తమంటున్నరు."

కింద నుంచి ముత్తయ్య తాత అందుకున్నాడు. "గట్టిగ చెప్పు బిడ్డా. పక్కనున్న మాకే ఇనబడ్తలేదు, ఆ పిల్లకేం ఇనబడ్తది?"

అవ్, అవ్ అన్నారు మిగతావాళ్ళు. వదిన నా భుజం తట్టి, "సిగ్గెందుకే? ఏ హీరో పేరో పెట్టుకుని ఉంటావు. చెప్పెయ్" అంది.

హీరో పేరైతే ఎంత బాగుండేది. పరీక్ష తలుచుకున్నాను, కళ్ళు మూసుకున్నాను. "వదిన గయ్యాళి" అని ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

గొడుగు మెల్లగా అటు జరిగింది, నా నెత్తిన చినుకులు పడ్డాయి. ఫోన్లో సుజాత, "రాంగ్ అని వస్తాంది. ఒక్కొక్క అక్షరం చెప్పు" అంది.

వదిన నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఇంటర్ చదివిన మనిషి. "సుజాతా, నేను వాళ్ళ వదిన్ని. కొట్టు. వి, ఏ, డి, ఐ, ఎన్, ఏ. వదిన అయిందా? ఇప్పుడు గయ్యాళి. జి, ఏ, వై, ఇంకో వై..."

సుజాతకు వినబడాలని కింద జనం కూడా అందుకున్నారు. "ఇంకో వై" అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. సాయం చెయ్యడంలో మావాళ్ళకు వంక పెట్టలేం.

మెయిల్ తెరుచుకుంది. కింద చప్పట్లు కొట్టారు. ముత్తయ్య తాతైతే, "గయ్యాళోళ్ళుంటెనే పనులైతయి" అన్నాడు. పాపం, మెచ్చుకుంటూనే అన్నాడు.

దారిపొడవునా వదిన నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఏడాదంతా అంత చేసిన మనిషిని పదిమందిలో తిట్టాను కదా. ఇంటికొచ్చాక తల తుడుచుకోమని తువ్వాలు విసిరి, "ముందు ఆ పాస్‌వర్డ్ మార్చు. ఊరంతా విన్నది" అంది.

"ఏమని పెట్టమంటావొదినా?"

"నాకెందుకే చెప్పడం? ఎవరికీ చెప్పకు. ఈసారి ఇంతకంటే పెద్ద తిట్టు పెట్టుకో, నాకు మాత్రం తెలియకూడదు" అని అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికెళ్తే, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఇక ఇద్దరం పొయ్యి దగ్గర కూలబడి నవ్వీ నవ్వీ అలిసిపోయాం.

పరీక్ష రాశాను, ఉద్యోగమూ వచ్చింది. పాస్‌వర్డ్ కూడా మార్చాను. ఈసారి వదినను పొగుడుతూ, ఎంతో ప్రేమగా పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో వంటింట్లో కూడా సిగ్నల్ వస్తోంది. ఎవరి మాటలు వాళ్ళవే. మొన్న ఊరెళ్ళినప్పుడు బండెక్కి కాసేపు కూర్చుంటే, "ఎవరికి చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగేవాళ్ళే లేరు. నాకు బెంగేసింది.

వదిన మాత్రం ఇప్పటికీ ఆ సంగతి వదలదు. "ఆ కొత్తదాంట్లో నన్నేమని తిట్టావే?" అంటుంది. తిట్టలేదు, పొగిడాను అంటే నమ్మదు. ఏళ్ళుగా వాడని ఆ పాత మెయిల్ తెరిచి చూపిద్దామని కూర్చుని వదిన బంగారం కొట్టాను, వదిన దేవత కొట్టాను, వదిన మహాతల్లి కూడా కొట్టాను. తెరుచుకోలేదు. అదే ఏ తిట్టో పెట్టుకునుంటే ఇప్పటికీ గుర్తుండేది.