ఖాళీ కార్డు, అయిపోయిన బ్యాటరీలు

మా ఇంట్లో ఫోన్ చార్జింగ్ పెట్టుకోవాలంటే ముందు మా ఆయన్ని అడగాలి. హాల్లో ప్లగ్గుకు ఒక చార్జరు, మంచం పక్కన ఇంకోటి, వంటింట్లో మిక్సీ పెట్టుకునే చోట మరోటి. అన్నిటిలోనూ కెమెరా బ్యాటరీలే, ఎర్ర లైటు వెలిగించుకుని కూర్చుంటాయి. ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, పచ్చడి తిప్పుదామని చెయ్యి పెడితే అక్కడ బ్యాటరీ. తీయబోతే "పచ్చ లైటు వచ్చేదాక ఉండనియ్యి" అంటాడు. ఆ పచ్చ లైటు వచ్చేలోపు నా ఆకలి చచ్చిపోతుంది, పచ్చడి లేకుండానే తినేసి పడుకుంటాను.

ఈ మధ్య నాకు అన్నిటికీ అలసటే. పొద్దున బొల్లారంలో బస్సెక్కితే తిరుమలగిరి దాటేదాకా నిలబడే ఉండాలి. ఆఫీసులో కూర్చుంటే నడుం లాగుతుంది, నిలబడితే మోకాళ్ళు లాగుతాయి. సర్వీసు ఇంకా మిగిలుంది కాబట్టి పోతున్నాను, అంతే. అలసిపోయానని ఎవరితోనైనా చెబితే రెస్టు తీసుకోండి మేడమ్ అంటారు. వాళ్ళిచ్చేటట్టు.

మా ఆయన డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా పల్చటి గీతలు గీసిన మనిషి, ఇంట్లో ఊరికే కూర్చోలేక నేను తరిగిన కూరగాయల్లో పెద్దముక్క ఏదో చిన్నముక్క ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళికి ముందు ఆయనకు ఫోటోల పిచ్చి ఉండేది. అది గుర్తొచ్చి, ఒక కెమెరా కొనుక్కొని నన్ను వదిలిపెట్టండని నేనే అన్నాను. మిర్రర్‌లెస్ కొనుక్కున్నాడు.

కొన్న రోజు చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని పాఠం చెప్పాడు. పాత కెమెరాల్లో లోపల అద్దం ఉంటుందట. కన్ను పెట్టి చూస్తే ఎదురుగా ఉన్నదే అద్దంలో పడి కనపడుతుందట. దీంట్లో అద్దం లేదు, అందుకే తేలిక. కన్ను పెట్టే చోట లోపల ఒక చిన్న టీవీ ఉంది. లెన్సు చూసింది ఆ టీవీలో వస్తుంది. చీకటిగా ఉంటే వెలుగు పెంచి చూపిస్తుంది, చిన్నగా ఉంటే పెద్దగా చేసి చూపిస్తుంది. నేను ఊ కొట్టాను. ఊ కొట్టడానికి చెవులు అక్కర్లేదని పెళ్ళైన ఆడవాళ్ళందరికీ తెలుసు.

కానీ మొదట్లో ఫోటోలు బాగా తీసేవాడు, ఆ మాట చెప్పాలి. తెల్లారేసరికి కంటోన్మెంటు రోడ్ల మీద తిరిగొచ్చేవాడు. మంచులో సైకిలు తొక్కుకుంటూ పోయే పాలాయన, పాత బంగళా గోడ మీద నాచు, తడిసిన కరెంటు తీగ మీద వరసగా కూర్చున్న పిచ్చుకలు. నేను టీ పెడుతుంటే ఒక్కొక్కటి చూపించేవాడు. రోజూ బస్సు కిటికీలోంచి నేను చూసే రోడ్డే అది, ఫోటోలో చూస్తే కాసేపు దిగి నడవాలనిపించేది. ఆ టీ తాగే పది నిమిషాలు నాకు నిజంగా హాయిగా ఉండేవి.

తర్వాత లెన్సు మార్చాలన్నాడు. కెమెరాతో వచ్చిన లెన్సు సరిపడా వెలుతురు రానివ్వడం లేదట. ఒక శనివారం ఇద్దరం ఆటోలో జనరల్ బజారు వెనక గల్లీలో కెమెరాల షాపుకు పోయాం. స్కూటర్ ఎందుకు తియ్యలేదంటే ట్రాఫిక్ అన్నాడు. షాపాయన ముసల్మాను, మనకంటే మంచి తెలుగు మాట్లాడతాడు, మా ఆయనకు పాత దోస్తు లాంటివాడు.

"పిట్టలను తీస్తనన్నరు గద సార్, గిది తీస్కోండ్రి" అని మూరెడు పొడవు లెన్సు ఒకటి తగిలించి ఇచ్చాడు.

మా ఆయన నన్ను షాపు చివర స్టూలు మీద కూర్చోబెట్టి, ఇటు చివర నిలబడి కన్ను పెట్టాడు. "జెర ఇటు చూడు. నవ్వకు, మామూలుగ ఉండు." ఆ పొడుగు లెన్సు నచ్చలేదు, చీకటిగా ఉందన్నాడు. ఇంకోటి పెట్టించాడు. మళ్ళీ నన్నే చూశాడు. బజారుకొచ్చిన వాళ్ళందరూ గాజు తలుపులోంచి నన్ను చూసి పోతున్నారు. చివరికి పొట్టిగా, లావుగా, ముందు గాజు ఇంత వెడల్పున్న లెన్సు ఒకటి పెట్టారు.

"గిది వెలుతురు మంచిగ గుంజుతది సార్. చీకట్ల సుత పని చేస్తది. కాని దూరం పిట్టలు రావు."

మా ఆయన దాంట్లో చాలాసేపు చూశాడు. కెమెరా దించకుండానే "ఇది చాలు. నువ్వు మంచిగ కనపడుతున్నవ్" అన్నాడు.

షాపాయన ముందు నాకు సిగ్గేసి, చాలు లేండి అన్నాను. ఆటోలో వస్తూ మాత్రం కొంగు సర్దుకుంటూనే ఉన్నాను. ఈ వయసులో ఆ మాట విన్నందుకు సంతోషమైంది, దాచడమెందుకు.

అప్పట్నుంచే బ్యాటరీలు మొదలయ్యాయి. కెమెరాతో వచ్చింది చాలడం లేదని ఒకటి కొన్నాడు, అది చాలడం లేదని మరోటి. డూప్లికేట్‌వి వాడితే ఉబ్బి లోపలే ఇరుక్కుంటాయని షాపాయన భయపెడితే అన్నీ కంపెనీవే తెచ్చాడు. చార్జింగ్ నిండినదానికి రబ్బరుబ్యాండు చుట్టి కుడి జేబులో వేసుకుంటాడు, అయిపోయినదాన్ని బ్యాండు తీసి ఎడమ జేబులో వేస్తాడు. కొత్తిమీర కట్టకు వచ్చే రబ్బరుబ్యాండ్లు కూడా మా ఇంట్లో మిగలడం లేదు.

బ్యాటరీలు పెరిగిన కొద్దీ ఫోటోలు తగ్గాయి. పొద్దుటి నడక మానేశాడు. నడుం నొప్పని స్కూటర్ ముట్టుకోవడం మానేశాడు, అంతకుముందు వానొస్తే నన్ను ఆఫీసులో దింపేవాడు, అదీ పోయింది. ఆయనకు షుగరుంది, దానికి కంట్లో ఇంజెక్షన్లు ఇస్తున్నారు, ఆస్పత్రికి తోడొస్తానంటే "నీకు లీవులెక్కడున్నయి" అని ఒక్కడే ఆటోలో పోయొచ్చేవాడు. ఏమన్నారంటే బానే ఉందన్నారనేవాడు.

సాయంత్రం నేను వచ్చేసరికి బాల్కనీ కుర్చీలో కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. నేను బియ్యం ఏరుతుంటే కెమెరా కంటికి పెడతాడు. తలకు నూనె రాసుకుంటుంటే పెడతాడు. చప్పుడు రాకుండా సైలెంట్‌లో పెట్టించాడు, తీస్తున్నాడో లేదో తెలియదు. "నైటీల ఉన్నప్పుడు తియ్యకుర్రి, నలుగురు చూస్తే నవ్వుతరు" అని అరిస్తే "తీస్తలేను" అంటాడు. నేను నమ్మలేదు.

కెమెరా లేనప్పుడు మాత్రం నా ముఖం వంక చూడడం మానేశాడు. మాట్లాడుతుంటే నా భుజం పక్కన ఎవరో నిలబడినట్టు అటు చూస్తాడు. మొదట నేనూ వెనక్కి తిరిగి చూశాను. తర్వాత అర్థమైందనుకున్నాను, ఇన్నేళ్ళకు నా ముఖం ఆయనకు మొహం మొత్తింది. దానికి కోపం కూడా రాలేదు, కోపానికి ఓపిక కావాలి. బాధేసింది. రాత్రి గిన్నెలు తోముతూ బాధపడి, పొద్దున బస్సెక్కేదాన్ని.

ఆషాఢంలో లష్కర్ బోనాల పండక్కి బోయిగూడలో మా పుట్టింటికి పోయాం. ఈసారి మా వదినలతో పాటు నేనూ బోనం ఎత్తుకున్నాను. అందరం ముఖాలకు పసుపు, తల మీద కుండ, కుండకు వేపాకు, పైన దీపం. మా ఆయన రెండు జేబుల్లో బ్యాటరీలతో తయారయ్యాడు. దారి పొడవునా కెమెరా కంటికి పెట్టుకునే నడిచాడు. ఎవరి కాళ్ళో తొక్కాడు, తిట్లు తిన్నాడు, అయినా దించలేదు. ఒకచోట గోడకు ఆనుకుని జేబు తడుముకుని రబ్బరుబ్యాండు లాగి బ్యాటరీ మార్చుకోవడం చూశాను. నేనెప్పుడు చూసినా లెన్సు నా వైపే ఉంది. మెడ విరిగిపోతున్నా ఫోటోలో బాగుండాలని ముఖంలో నొప్పి కనపడనివ్వలేదు.

ఇంటికొచ్చాక పెద్ద వదిన "అన్నయ్యా, ఫోటోలు చూపియ్యుర్రి" అని కెమెరా తీసుకుంది. బటన్ నొక్కితే ఫోటోలు లేవని వచ్చింది. ఇంకోసారి నొక్కింది. లేవు. పొద్దుటి నుంచి కంటికి అతికించుకుని తిరిగిన కెమెరాలో ఒక్కటంటే ఒక్క ఫోటో లేదు. "మూత దియ్యకుంటనే తీసినట్టున్నడు" అని ఎవరో అంటే అందరూ విరగబడి నవ్వారు. మా ఆయన కూడా నవ్వినట్టు చేసి, కార్డు ఖరాబైందన్నాడు. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆయన వంతూ నేనే మాట్లాడాను.

రెండో రోజు ఆఫీసుకు పోతూ కెమెరా, బ్యాటరీలు నా లంచ్ బ్యాగులో వేసుకున్నాను. "వద్దు, నేను చూసుకుంట" అని వెంటపడ్డాడు. వినలేదు. ఇన్ని కంపెనీ బ్యాటరీలు అంటగట్టి పాడైన కార్డు ఇస్తారా అని సాయంత్రం నేరుగా షాపుకు పోయి షాపాయన మీద ఎగిరాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. కార్డు తీసి చూశాడు, పెట్టాడు, పైన ఫ్యానును ఒక ఫోటో తీశాడు. శుభ్రంగా వచ్చింది.

"కార్డు మంచిగనే ఉంది మేడమ్. సార్ ఫోటోలే తియ్యలేదు. ఇగో ఫోటో నంబరు చూడుర్రి, ఎండకాలంల నేనే కార్డు ఖాళీ చేసిచ్చిన, అప్పటి ఆఖరి నంబరు తర్వాత గీ ఫ్యానే."

"మరి బ్యాటరీలు? దినాం అయిపోతయి. గవి ఎవలు తింటున్నరు?"

"తియ్యకున్నా అయిపోతయి మేడమ్. దీంట్ల చూసుడుకు సుత కరెంటు కావాలె. ఊరికె చూస్కుంట కూసున్నా బ్యాటరీ దిగుతది."

నమ్మకం కలగక నేనే కన్ను పెట్టి చూశాను. తెల్లటి వెలుగు భగ్గుమంది. దాంట్లో అంతా అలుక్కుపోయి ఉంది, ఇంకొకరి కళ్ళజోడు పెట్టుకుంటే ఉన్నట్టు. చూశారా, ఇదే పాడైంది అన్నాను. షాపాయన కెమెరా తీసుకుని, కన్ను పెట్టే చోట పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పి మళ్ళీ ఇచ్చాడు. ఈసారి అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"ఖరాబు కాలేదు మేడమ్. అది సార్ కంటికి పెట్టుకున్న నంబరు. చివరిదాక తిప్పి ఉంది, ఇంక తిరగదు. వెలుగు సుత ఫుల్లు పెట్టుకున్నరు. పెద్దగ కనపడేందుకు గీ బటన్ నాతోటే పెట్టించుకున్నరు." నెమ్మదిగా అడిగాడు. "మీకు చెప్పలేదా?"

నేను ఆ బటన్ నొక్కాను. షాపు అటు చివరి గోడ మీది క్యాలెండరు నా మీదికొచ్చింది. నేను ఆ రోజు కూర్చున్న స్టూలు అక్కడే ఉంది. స్టూలు మీద గీతలు కూడా కనపడుతున్నాయి. నన్ను కూర్చోబెట్టి ఏం చూశాడో, ఏం కొన్నాడో అప్పుడు తెలిసింది. చక్రం ఎట్లుండెనో అట్లనే తిప్పి ఇవ్వమన్నాను.

బస్సులో సీటు దొరకలేదు. ఏడుపు రాలేదు, ముందు కోపమే వచ్చింది. ఇంత లోపల దాచిపెట్టుకుని బానే ఉందంటాడా అని. కార్ఖానా దగ్గర బస్సు ఆగిపోయి ఎంతకీ కదలలేదు. అప్పుడు భయం వేసింది.

తలుపు తీసుకుని లోపలికి పోతే బాల్కనీలోంచి "ఎవరు?" అన్నాడు. చాలా రోజుల నుంచి అట్లాగే అంటున్నాడు, అలవాటనుకున్నాను.

"నేనే" అని పోయి కెమెరా చేతిలో పెట్టి, బ్యాగు భుజాన ఉండగానే ఎదురుగా కూర్చున్నాను. "ఎంత కనపడుతది మీకు?"

ఆయన చక్రాన్ని తడిమాడు. అది తన నంబరులోనే ఉందని వేలికి తెలిసినట్టుంది.

"అంచులకు కనపడుతది. నడుమ ఏం లేదు. నిన్ను సూటిగ చూస్తే నువ్వుండవు. పక్కకు చూస్తే జెర ఉంటవ్."

"డాక్టర్ ఏమన్నడు?"

"పోయింది రాదన్నడు. గీ కెమెరాల కనపడేది సుత ఎన్ని దినాలో చెప్పలేమన్నడు."

"బోనాల నాడు ఒక్కటన్నా తియ్యకపోతిరి."

"అందరు ఒక్క తీరుగ ఉన్నరు, పసుపు, కుండలు. అండ్ల నువ్వెవరో తెల్వాలె గద. ఫోటో తీస్తే లోపల ఒక్క క్షణం నల్లగైతది. గంతలోనె నువ్వు తప్పిపోతవని తియ్యలే."

నాకెందుకు చెప్పలేదని అడిగాను. నీకున్న తక్లీఫులు చాలవా అన్నాడు. ఆ మాటకు కూడా కోపమే వచ్చింది.

పొద్దు వాలుతోంది. ఆయన కెమెరా కంటికి పెట్టుకుని బటన్ నొక్కాడు. నేను జుట్టు సర్దుకోలేదు, కొంగు సర్దుకోలేదు. ఇంతకుముందెప్పుడూ అంతసేపు నన్నెవరూ చూడలేదు.

"ఏం కనపడుతది?" అన్నాను.

"బాగ అలసిపోయినవ్ నువ్వు" అన్నాడు.

ఔనన్నాను. అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. చీకటి పడుతోంది, లేచి లైటు వేద్దామనుకున్నాను. లేస్తే తప్పిపోతానని అట్లాగే కదలకుండా కూర్చున్నాను.