కొట్టని దెబ్బ

నాకు రానిది పక్కవాడికి వస్తే ఒళ్ళు మండే రకం నేను. ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే మా బావ జగ్గారావు గురించి కుళ్ళుకోకుండా రాయడం నా వల్ల కాదు.

బావంటే మా అక్క తాయారు మొగుడు. విజయనగరం అవతలి పల్లె నుంచి వచ్చి పోర్టులో కళాసీగా చేరినా, ఏటా గంగమ్మ జాతరకి ఊరెళ్ళి తప్పెటగుళ్ళు ఆడి వచ్చేవాడు. గుండెకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు వేసుకుని, రెండు చేతులతో వాయిస్తూ ఎగరడమే ఆ ఆట. దరువు పెరిగే కొద్దీ మనుషులు నేల మీద ఆగరు. యాభై దాటాక కూడా బావ నడుమెత్తు లేచేవాడు.

రెండేళ్ళ క్రితం మేడమెట్ల మీద జారి ఎడమ మోకాలు విరగ్గొట్టుకున్నాడు. నడవొచ్చు గానీ ఎగరడం మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి బావ తప్పెట ముట్టలేదు. కూర్చుని వాయించొచ్చు కదా అంటే, "కూకుని వాయిస్తే అది తప్పెటేటి, ఒట్టి రేకు" అని కసిరేవాడు. తర్వాత్తర్వాత కసరడం కూడా మానేశాడు. "మడిసి ఇంట్లోనే ఉన్నాడు గానీ లేడురా" అని అక్క నా దగ్గర ఏడ్చింది.

మల్కాపురంలో వాళ్ళది కింది వాటా, నాది పై గది. పోయిన వేసవిలో నేను పాత డ్రమ్ సెట్ ఒకటి కొని జాజ్ అనే విదేశీ సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆదివారాలు బస్సెక్కి రుషికొండ దగ్గర కృష్ణంరాజు మాస్టారి క్లాసుకి వెళ్ళేవాణ్ణి. మాస్టారు చెప్పేది వినడానికి చాలా చిన్న సంగతి. ఒక్కో లెక్కని తకిట తకిట అన్నట్టు మూడు ముక్కలు చెయ్యాలి. మొదటిదీ చివరిదీ సింబల్ అనే ఇత్తడి పళ్ళెం మీద కొట్టాలి, మధ్యది వదిలేయాలి. "వదిలేయడమంటే మరిచిపోవడం కాదండీ, దాని చోటు దానికి ఉంచాలి" అనేవారు. నాలుగు నెలలు కొట్టాను. తొందరపడితే పెళ్ళి బ్యాండులా ఉండేది, నెమ్మదిస్తే గోడకి మేకు దిగ్గొట్టినట్టుండేది.

ఒక సాయంత్రం బావ మెట్లు ఒక్కొక్కటే ఎక్కి పైకొచ్చాడు.

"ఏటి సేత్తన్నావురా దుర్గా? నాలుగు నెల్ల నుంచి ఒకటే మొత్తుడు! సెవులు సిల్లులు పడిపోతన్నాయి."

చెప్పాను. "తకిటలో మద్దిది తియ్యడమే గదా, లెగు" అంటూ నన్ను స్టూలు మీంచి లేపి కూర్చున్నాడు. పుల్లలు గరిటెలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కొట్టాడు. మొదటిసారికే వచ్చేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అయితే నిమిషం తిరక్కుండానే వేగం పెరిగిపోయింది. లయ తప్పకుండా మాస్టారు ఫోన్లో పెట్టిచ్చిన టిక్కు టిక్కు ఒకే నడకలో పోతుంటే, బావ దాన్ని ఎప్పుడో దాటేశాడు. హమ్మయ్య, ఈయనకీ ఒక తప్పుంది అని లోలోపల సంబరపడుతూ ఆగమన్నాను.

"పెరక్కపోతే దరువేటిరా? అక్కడే ఉండిపోతే ఆడేవోళ్ళు ఎప్పుడెగురుతారు?"

"ఇక్కడెవులూ ఎగరరు బావా. మొదలెట్టిన నడకే సివరిదాకా."

మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ పెరిగింది. ఈసారి ఆ ఊపులో నడుము స్టూలు మీంచి లేచింది. మోకాలు ఒప్పుకోలేదు. "అమ్మా" అని కూలబడ్డాడు. కాసేపటికి పుల్లలు కింద పెట్టి, "నాకెందుకురా ఇయన్నీ" అంటూ దిగిపోయాడు. నా సంబరం నాకే సిగ్గనిపించి ఆ పూట అన్నం సహించలేదు.

పది రోజులు రాలేదు. పదకొండో రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా గది ముందు నిలబడి ఉన్నాడు.

"పడుకున్నా అదే తలపురా. నానెగిరినప్పుడు గాల్లో ఉన్నంతసేపూ గజ్జెలు మోగవు. కాలు నేలకి తగిలితేనే మోగుతాయి. ఆ మోగని సోటే మీ మాస్టారు వదిలెయ్యమన్న దెబ్బ. దరువు పెంచక్కర్లేదు. పతి తకిటలోనూ ఓపాలి ఎగరొచ్చు. ఆ టిక్కు పెట్టు."

పెట్టాను. బావ కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. టిక్కుకి వెంట్రుకవాసి ముందుకి పోలేదు, వెనక్కి రాలేదు. కొడుతున్నవి రెండే దెబ్బలు, నాకు వినిపిస్తున్నది మాత్రం కొట్టని ఆ మధ్యది. దాని దగ్గర ప్రతిసారీ నా ఊపిరి పైకి లేచి, ఒక క్షణం ఆగి, మళ్ళీ దిగింది. ఎడమ కాలి కింద ఒక పెడల్ ఉంది, మడమ అంగుళం లేపి తొక్కితే జంట సింబల్స్ మూసుకుంటాయి. విరిగిన కాలే దాన్ని తొక్కుతోంది. నాలుగు నెలలు నేను వెతికినది ఇంత పెద్దదని నాకు తెలియదు. ఆ నిమిషంలో నా కుళ్ళు ఎటు పోయిందో కూడా తెలియదు, చేతులు కట్టుకుని నిలబడిపోయాను.

ఇంతలో మెట్ల మీద అక్క పరుగు వినిపించింది.

"ఒరే దుర్గా, ఆపరా! ఎగరొద్దని డాక్టరు సెప్పలేదేటి? మీ బావ ఎగురుతన్నాడు, కిందకి ఇనపడతంది!"

గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. బావ స్టూలు మీదే ఉన్నాడు, కళ్ళు తెరవలేదు. ఎడమ మడమ లేస్తోంది, దిగుతోంది. అక్క ఆ మడమ వంకే చూస్తూ గోడకి చేరగిలబడి కూర్చుంది.

"ఎగురుతన్నాడురా" అంది మళ్ళీ, నెమ్మదిగా. ఈసారి ఆపమనలేదు.